పెద్దల్లుడి కెమెరా

అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు క్రమంగా లేకుండా పోయారు. పెళ్ళయ్యాక మామగారి కట్టుడు పళ్ళ ల్యాబులో పనికి కూర్చున్న నాటి నుంచీ అందరికీ అతను పెద్దల్లుడే. డాక్టర్లు ఫోను చేసి పెద్దల్లుడుగారు ఉన్నారా అని అడిగేవారు. పక్కనే ఉన్న జిరాక్సు షాపతను కూడా అలాగే పలకరించేవాడు. నిజానికి అప్పటికి చిన్నల్లుడంటూ ఎవరూ లేరు, మరదలు ఇంకా బళ్ళో చదువుకుంటోంది. అయినా ఆ "పెద్ద" అన్న మాట చెవిన పడితే చాలు, అతనికి కడుపు నిండినట్టుండేది.

ల్యాబు కింద, కాపురాలు పైన. ముందు గదిలో డాక్టర్లు పంపిన నోటి అచ్చులు చిన్న చిన్న డబ్బాల్లో వరసగా ఉండేవి. మధ్య గదిలో పని బల్లలు, వాటి మీద దీపాలు, మైనం కరిగించే చిన్న గిన్నెలు. వెనక గదిలో ప్లాస్టరు కలిపేవారు. ఆ గదిలోంచి బయటికొచ్చిన మనిషి ఎవరైనా కనుబొమల దాకా తెల్లగా, ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించేవాడు. అచ్చులో ప్లాస్టరు పోసి, ఆ నమూనా మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి, అవి ఆ మనిషి నోట్లో పుట్టినవే అన్నట్టు దిద్దడం పెద్దల్లుడి పని. ముందు పళ్ళ విషయంలో అతని చెయ్యి అందెవేసిన చెయ్యి. మనిషి వయసులో ఉన్నప్పటి ఫొటో అడిగి తెప్పించుకునేవాడు. ఒక పన్ను కాస్త ఏటవాలుగా ఉంటే అలాగే ఉంచేవాడు. మరీ వరసగా ఉన్న పళ్ళు నవ్వినప్పుడు అబద్ధం చెప్పినట్టుంటాయని అతని లెక్క.

అతని జీవితంలో అసలైన వెలుగు మాత్రం పళ్ళ వల్ల రాలేదు, ఒక కెమెరా వల్ల వచ్చింది. మామగారు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడ్డ రోజులవి. పైన పడుకున్న మనిషికి కింద ఏం జరుగుతోందోనన్న బెంగ. కొలిమి ఆర్పారా, అచ్చులు కలిసిపోలేదు కదా అని పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయేది. పెద్దల్లుడు తనే వెళ్ళి నెట్ వైరు అక్కర్లేని కెమెరా ఒకటి కొనుక్కొచ్చి మధ్య గదిలో గోడకి బిగించాడు. రూటరు పెట్టించాడు. మామగారి మంచం పక్కన చిన్న తెర నిలబెట్టి, కింద బల్లలన్నీ అందులో కనిపించేలా చేశాడు. మామగారు ఆ తెరని ఇంకాస్త దగ్గరికి జరిపించుకున్నారు. అత్తగారైతే పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ, మా అల్లుడు ల్యాబునే మంచం దగ్గరికి తెచ్చిపెట్టాడని చెప్పుకుంది.

తర్వాత మామగారు లేచి కర్ర పట్టుకుని నడిచారు గానీ మెట్లు దిగడం దాదాపు మానేశారు. తెరే ఆయనకి ల్యాబు. ఎవరు బల్ల దగ్గర కునికిపాట్లు పడుతున్నా పైనుంచి ఫోను వచ్చేసేది. పెద్దల్లుడు అప్పుడప్పుడూ పనిలోంచి తలెత్తి కెమెరా వైపు చూసేవాడు. మామగారు తనని చూస్తున్నారని అనుకుంటే చెయ్యి ఇంకాస్త కుదురుగా ఆడేది.

ఇలా ఉండగా మరదలికి పెళ్ళి కుదిరింది. వచ్చినవాడు కూడా పళ్ళ పనివాడే కావడం అత్తగారికి పట్టరాని సంతోషం. పెద్ద ల్యాబులో పనిచేశాడు, కంప్యూటర్లో పన్ను గీస్తాడు, గీసిన పన్నుని మిషను చెక్కి పెడుతుంది. పెళ్ళయిన కొద్దికాలానికే పైన ఖాళీగా ఉన్న వాటాలో దిగి, లాప్‌టాప్‌తో, చెక్కే మిషనుతో కింద ముందు గదిలో చేరాడు. నవ్వు మొహం, మెత్తని మాట. వచ్చిన రోజే "అన్నయ్యా" అన్నాడు. రెండో రోజుకి నువ్వు అనే చనువు తీసుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పెద్దల్లుడికి అదే కష్టంగా ఉంది.

అతని కడుపులో మంట చిన్న చిన్న వాటితో మొదలైంది. పొద్దున మొదటి కప్పు టీ ఇన్నేళ్ళూ తన బల్ల మీదికి వచ్చేది. చిన్నల్లుడు డాక్టర్లతో వీడియోలో మాట్లాడే వేళవుతుందని అత్తగారు ఇప్పుడు ముందు గదిలో ముందిచ్చి, ఆ తర్వాత మధ్య గదికి వచ్చేది. ఫోను మోగితే చిన్నల్లుడుగారు ఉన్నారా అనే గొంతులు ఎక్కువయ్యాయి. పిల్లలు కూడా బాబాయి బాబాయి అంటూ ఆ మిషను చుట్టూనే చేరేవారు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు మిషను చెక్కిన దవడ పన్ను ఒకటి తీసుకుని, భూతద్దం కింద పెట్టి, తప్పు కోసం వెతికాడు. అంచు చూశాడు, గాడి చూశాడు, తిరగేసి చూశాడు. ఏదీ దొరకలేదు. దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టి, ఆ రోజంతా పళ్ళు నూరుతూనే పనిచేశాడు. భార్య అడిగితే దవడ నొప్పన్నాడు.

అయితే దేవుడున్నాడనిపించింది అతనికి, ఎందుకంటే చిన్నల్లుడి పని అనుకున్నంత సాఫీగా సాగలేదు. డాక్టర్లు రోగి నోటిని చిన్న కెమెరాతో తీసి పంపే బొమ్మలు చాలా పెద్దవి. అవి దిగాలంటే గంటలు పడుతోంది. గీసిన పన్ను మిషనుకి చేరదు. వీడియోలో మాట్లాడుతుంటే డాక్టరు సగం నోరు తెరిచి అలాగే ఆగిపోతాడు. నెట్ కంపెనీవాళ్ళు వచ్చి లైన్లో ఏ లోపమూ లేదని చెప్పి వెళ్ళారు. చిన్నల్లుడు పాత రూటరు తీసేసి, నాలుగు కొమ్ములున్న కొత్తది తెచ్చాడు. మామగారి తెర ఆరిపోకూడదు కాబట్టి, పాత వస్తువులు కూడా కలిసేలా దాన్ని మార్చి కెమెరాని అందులో కలిపాడు. కొత్త రూటరు వచ్చినా కథ మారలేదు. చిన్నల్లుడికి పళ్ళ సంగతి తెలిసినంతగా నెట్ సంగతి తెలియదు. మిషనుదే తప్పనుకున్నాడు, తర్వాత లాప్‌టాప్‌దనుకున్నాడు.

అసలు సంగతి పెద్దల్లుడి కంటబడింది. ప్లాస్టరు దుమ్ము పేరుకుని కెమెరాకి కన్ను మసకబారిందని మామగారు అనడంతో, స్టూలెక్కి దాని కరెంటు తీగ పీకి, కిందికి దించి తుడుస్తున్నాడు. ముందు గదిలోంచి చిన్నల్లుడి గొంతు వినిపించింది, పొద్దుటి నుంచీ రానిది వచ్చేసిందని ఫోనులో ఎవరితోనో చెబుతున్నాడు. పెద్దల్లుడు కెమెరాని మళ్ళీ తగిలించాడు. కాసేపటికి ముందు గదిలో వేళ్ళతో బల్ల మీద దరువు మొదలైంది. ఏ ఫైలైనా కదలకపోతే చిన్నల్లుడు అలా దరువేస్తాడు. మర్నాడు కావాలనే మళ్ళీ తీశాడు. దరువు ఆగింది. పెట్టాడు. మొదలైంది.

నెట్ కనెక్షన్లు ఇచ్చే తెలిసిన కుర్రాడు ఒకడు ఆ వీధిలోనే తిరుగుతుంటాడు. ఎందుకని చెప్పకుండా అతన్ని మాటల్లో పెట్టాడు. ఆ కుర్రాడు చెప్పింది ఇదీ. వైఫైలో గాలి ఒక్కటే, ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. కొత్త వస్తువులు గబగబా చెప్పేసి పక్కకి తప్పుకుంటాయి. పాతదానికి ఆ వేగం చేతకాదు, అదే నాలుగు ముక్కలు చెప్పడానికి ఎన్నో రెట్లు ఎక్కువ సేపు తీసుకుంటుంది, అంతసేపూ మిగతావన్నీ నోరు మూసుకుని ఆగాలి. పైగా పాతది మధ్యలో అడ్డు రాకుండా, రూటరూ కొత్తవీ మాట్లాడే ముందల్లా దానికి అర్థమయ్యే పాత పద్ధతిలో ఒక హెచ్చరిక చెయ్యాలి, అక్కడా టైము పోతుంది. ఎప్పుడో ఒకసారి పలకరించే వస్తువైతే పరవాలేదు గానీ, పగలంతా బొమ్మలు పంపే పాత కెమెరా లాంటిదైతే ఎంత ఖరీదైన రూటరు పెట్టినా ఇంటిల్లిపాదికీ నత్తనడకే.

పెద్దల్లుడు తలూపి వచ్చేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంలో తప్పేముందని తనకి తనే వాదించుకున్నాడు. కెమెరా మామగారి కోసం పెట్టింది, అది ముందు నుంచీ ఉంది, తర్వాత వచ్చినవాళ్ళు సర్దుకోవాలి. ఇంతవరకూ వాదన బాగానే నిలబడింది. కానీ అతను అక్కడితో ఆగలేదు. ఒక సాయంత్రం పైకి వెళ్ళి, బొమ్మ ఇంకా స్పష్టంగా వచ్చేలా చేస్తానని మామగారికి చెప్పి, కెమెరా పంపే బొమ్మని ఉన్న సైజుల్లో అన్నిటికన్నా పెద్దదానికి మార్చాడు. మామగారు తెరలో చూసి, మైనం కత్తి మొన కూడా కనిపిస్తోందని మురిసిపోయారు. కింద ముందు గదిలో దరువు కాస్తా పిడికిలి పోట్లయింది.

మూడు క్లినిక్కులున్న పెద్ద డాక్టరు ఒకాయన, తన పనంతా ఈ ల్యాబుకే ఇచ్చే ఆలోచనలో ఉన్నాడు. ముందుగా ఒక పరీక్ష పెట్టాడు. రోగి కుర్చీలో ఉండగానే బొమ్మ పంపుతాడు, చిన్నల్లుడు అప్పటికప్పుడు పన్ను గీసి తెర మీద చూపించాలి. ఆ రోజు అత్తగారు కూడా కిందికి దిగి తలుపు దగ్గర నిలబడింది. బొమ్మ సగం దిగి ఆగిపోయింది. చిన్నల్లుడు నవ్వుతూ ఏదో చెబుతున్నాడు, అవతలికి మాట ముక్కలు ముక్కలుగా వెళుతోంది. రోగి ఎంతసేపు నోరు తెరుచుకుని ఉంటాడు? డాక్టరు విసుక్కుని కట్ చేసేశాడు. మధ్య గదిలో పెద్దల్లుడు తలెత్తకుండా ఒక కోర పన్నుని దిద్దుతూనే ఉన్నాడు.

సాయంత్రం మామగారు అందర్నీ పైకి పిలిచారు. ఆయన గట్టిగా అరవలేదు. మిషన్ల మోజు కట్టిపెట్టి పెద్దల్లుడి పక్కన కూర్చుని మైనం పని నేర్చుకోమన్నారు. మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. చిన్నల్లుడు సరేనండీ అన్నాడు. పెద్దల్లుడికి ఆ పూట అన్నం రుచిగా అనిపించింది, పడుకోగానే నిద్ర పట్టింది. పొద్దున భార్య జడ వేసుకుంటూ అతని వైపు చూడకుండానే అంది.

"మా చెల్లెలు నిన్నంతా ఏడ్చింది. మీరు మాత్రం చాన్నాళ్ళకి హాయిగా గురక పెట్టారు."

అతను విననట్టు తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

చిన్నల్లుడు నిజంగానే వచ్చి పక్కన కూర్చున్నాడు. మైనం అతని చేతిలో నిలిచేది కాదు. ఎక్కువ వేడి చేసేవాడు, చిగురు జారిపోయేది. పెద్దల్లుడు సరిదిద్దుతూ, లోపల సంతోషిస్తూ, పైకి ఓపిగ్గా ఉన్నట్టు కనిపించేవాడు. కొన్నాళ్ళు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కుని వెనక గదిలోంచి వస్తుంటే ముందు గదిలో చిన్నల్లుడు ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల ఆ పెద్ద డాక్టరే అని రెండు మాటల్లో అర్థమైంది.

"తప్పు నాదేనండీ, నా ఏర్పాటే సరిగా లేదు. దానికి మా ల్యాబుని వదులుకోకండి. ముందు పళ్ళయితే మా అన్నయ్య చెయ్యి చూడాలి మీరు. ఏ మిషనూ అలా చెయ్యలేదు, నేనెలాగూ చెయ్యలేను. ఒక్క కేసు పంపి చూడండి."

పెద్దల్లుడు తలుపు చాటునే ఆగిపోయాడు. ఎవరూ వినడం లేదనుకుని అన్న మాట అది. గొంతులో ఎక్కడా కపటం లేదు. ఇంకొకడైతే కరిగిపోయేవాడేమో. పెద్దల్లుడికి మాత్రం తలకొట్టేసినట్టయింది, ఆ వెంటనే ఇన్నాళ్ళూ మండని మంట ఒకటి భగ్గుమంది. మిషనులో వాడు ముందు. ఫోన్లలో వాడు ముందు. టీ కప్పులో కూడా వాడే ముందు. చివరికి మంచితనంలో కూడా వాడే ముందుండాలా? ఇంత దెబ్బ తిని కూడా తనని పొగిడి, తనకే పని ఇప్పించి, తన కన్నా పెద్దమనిషైపోతాడా? ఆ ఒక్కటి అతను భరించలేకపోయాడు.

తిన్నగా మధ్య గదిలోకి వెళ్ళి, స్టూలెక్కి, కెమెరాని తీగతో సహా పీకేశాడు. దాన్ని వెనక గదిలో ప్లాస్టరు బస్తాల మీది అరలోకి తోసేశాడు. ఇది పుణ్యం కోసం చేసిన పని కాదని అతనికి తెలుసు. పంతం కోసం చేశాడు.

ఆ సాయంత్రమే ముందు గదిలో నెట్ పరుగెత్తింది. ఆగిపోయిన బొమ్మలన్నీ ఒకదాని వెనక ఒకటి దిగాయి. పెద్ద డాక్టరు ముందు పళ్ళ కేసు పంపాడు, అది పెద్దల్లుడు చేశాడు. దానికి మెచ్చి, పోనీ రెండోసారి చూద్దామని చిన్నల్లుడికి మళ్ళీ పరీక్ష పెట్టాడు. ఈసారి రోగి నోరు మూసేలోపే పన్ను తెర మీద తిరుగుతోంది. మూడు క్లినిక్కుల పనీ ల్యాబుకి వచ్చింది. ఇంట్లో అందరూ ఆ నాలుగు కొమ్ముల రూటరుని మెచ్చుకున్నారు. కొత్తది కదా, కుదురుకోవడానికి కొంత కాలం పట్టిందని అత్తగారు తేల్చింది. చిన్నల్లుడు ముందుచూపుతో కొన్నాడని కూడా అంది. పెద్దల్లుడికి కాదనే వీల్లేదు. కాదనాలంటే, నేను కెమెరా తీశాను కాబట్టే నెట్ కదిలిందనాలి. అంటే, ఎప్పటి నుంచి తెలుసని అడుగుతారు.

పైన మామగారి తెర నల్లబడింది. కెమెరా పాడైపోయిందని పెద్దల్లుడు చెప్పాడు. ఆయన అతని మొహంలోకి ఓ క్షణం చూసి, పాతదైపోయిందిలే అన్నారు. కానీ ఆ తర్వాత ఆయనకి పొద్దుపోయేది కాదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలోకి చూసేవారు, అదీ కాసేపే. ఆయన దిగులు చూడలేక, పాత కెమెరాని బాగుచేయించుకొస్తానని చిన్నల్లుడు వెతకడం మొదలుపెట్టాడు. వెనక గదిలో అరలో దొరికింది. బాగుచేయించే ముందు ఓసారి చూద్దామని అక్కడే కరెంటు పెట్టాడు. దీపం పచ్చగా వెలిగింది. పెద్దల్లుడు అప్పుడే ప్లాస్టరు కోసం లోపలికి వచ్చాడు.

"అన్నయ్యా, ఇది పనిచేస్తోందే" అన్నాడు చిన్నల్లుడు.

"తెలుసు."

"మరి పాడైందన్నావు?"

పెద్దల్లుడు బస్తా మూతి విప్పుతూ, మొహం చూడకుండా చెప్పాడు. "అది పాతది. అది మాట్లాడుతుంటే మిగతావన్నీ ఆగాలి. అందుకే నీ ఫైళ్ళు కదల్లేదు. తీసేశాను, కదిలాయి."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

అబద్ధమాడడానికి అవకాశం ఉంది. మొన్ననే తెలిసిందంటే సరిపోయేది. ఎందుకో నోటికి రాలేదు.

"ఆ డాక్టరు పరీక్ష కన్నా ముందే."

చిన్నల్లుడు కరెంటు తీగ పీకేశాడు. కెమెరాని తిప్పి దాని వెనక వైపు చూశాడు, అక్కడ నెట్ తీగ గుచ్చే రంధ్రం ఉంది. "దీన్ని తీసెయ్యక్కర్లేదండీ" అన్నాడు చివరికి. "రూటరు దాకా తీగ లాగితే గాలి జోలికి రాదు. మీరొక మాట చెప్పుంటే ఆ రోజే అయిపోయేది."

"అండీ", "మీరు" అన్న ఆ రెండు మాటలూ ఎలా తగిలాయో పెద్దల్లుడికే తెలుసు. ఆ తర్వాతా చిన్నల్లుడు అలాగే మాట్లాడాడు, ఇంట్లో మిగతావాళ్ళకి అది మర్యాదలా వినిపించింది.

ఆ రోజే చిన్నల్లుడు గోడ వెంట తీగ లాగి, రూటరులో పాత పద్ధతిని ఆపేసి, కెమెరాని పాత చోటే పెట్టాడు. మామగారి తెర వెలిగింది, ముందు గదిలో నెట్ తగ్గలేదు. చచ్చిపోయిన కెమెరాని మా చిన్నల్లుడు బతికించాడని అత్తగారు పలకరించినవాళ్ళందరికీ చెప్పింది. ఒకప్పుడు ల్యాబుని మంచం దగ్గరికి తెచ్చిన అల్లుడి కథ ఎంత ముచ్చటగా చెప్పేదో, ఇదీ అంత ముచ్చటగానే చెప్పింది. పెద్దల్లుడు అక్కడే కూర్చుని వినేవాడు. చిన్నల్లుడు ఆ కథని సరిదిద్దలేదు, అలాగని నెత్తిన పెట్టుకోనూ లేదు. పెళ్ళాంతో కూడా అన్నట్టు లేదు. పెద్దల్లుడితో పని మాటలు తప్ప వేరే మాట్లాడడం మాత్రం మానేశాడు.

కొన్ని నెలలు అలాగే నడిచాయి. ఒక ఉదయం మామగారికి గడ్డం గీయడానికి పైకి వెళ్ళాడు పెద్దల్లుడు. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి అది కూడా అతని పనే. సబ్బు రాస్తుంటే ఆయన తెర వైపు చూస్తూ అన్నారు.

"ఆ రోజు చూశాను నాయనా. కెమెరా పీకిన రోజు. తెర నిండా నీ మొహమే. ఆ తర్వాత చీకటి. కెమెరా పాడైందని నువ్వన్నప్పుడు ఊరుకున్నాను గానీ, నీ మొహం అంత మాడిపోయి ఎందుకుందో ఇప్పటికీ తెలీలేదు."

పెద్దల్లుడు సబ్బు పక్కన పెట్టి కత్తి తీశాడు. తర్వాత, గడ్డం గీస్తూనే అంతా చెప్పాడు. తుడవడానికి దించిన రోజూ, కుర్రాడు చెప్పిందీ, బొమ్మ పెద్దది చేసిందీ, తలుపు చాటున విన్నదీ. కత్తి మెడ దగ్గర ఉన్నందుకేమో మామగారు మధ్యలో కదల్లేదు. అంతా అయ్యాక తువ్వాలుతో మొహం ఒత్తుకుని అడిగారు.

"ఆ మంట ఇప్పుడేమైనా తగ్గిందా?"

"కొంచెం తగ్గిందండీ."

"కొంచెమంటే?"

"పొద్దున్నపూట ఉండదు. ఫోన్లు మోగడం మొదలయ్యాక వస్తుంది."

మామగారు నవ్వలేదు. చిన్నవాడితో మాట్లాడావా అని అడిగారు. లేదన్నాడు. మాట్లాడమన్నారు. అతను గిన్నె, కత్తి తీసుకుని మెట్లు దిగాడు. కింద ముందు గదిలో చిన్నల్లుడు ఒంటరిగా కూర్చుని ఒక ముందు పన్ను గీస్తున్నాడు. తెర మీద అది తిరుగుతోంది, మచ్చలేకుండా, తిన్నగా. పెద్దల్లుడు తన గదిలోకి వెళ్ళబోయి ఆగాడు. దాన్ని ఒక వెంట్రుకంత పక్కకి తిప్పితే బాగుంటుందని, బల్ల మీదున్న రోగి పాత ఫొటోలో ఆ పన్ను అలాగే ఉందని చెప్పాడు. చిన్నల్లుడు తిప్పాడు. ఇంకా కొంచెమా అని అడిగాడు. ఇంకా కొంచెం అన్నాడు పెద్దల్లుడు, చేతిలో సబ్బు గిన్నె పట్టుకునే ఒక కుర్చీ లాక్కున్నాడు.